ఆధారపడ్డవాడు

ఫారంలో నా గడి చిన్నది.
వకుళకి పదకొండు పేజీలు, నాకు రెండు.
కన్సల్టెన్సీ అమ్మాయి జెన్సిత పెన్నుకి మూత పెట్టేసి
"వృత్తి దగ్గర ఏమీ రాయొద్దు సార్,
మీరు డిపెండెంటే కదా" అంది.
ఏసీ చల్లగా ఉంది. సరేనన్నాను.

విల్లివాక్కం రైల్వే గేటు పక్కన
పంతొమ్మిదేళ్ళుగా మోటార్లకి తీగ చుడుతున్నాను.
గ్రైండర్లు, బోరు పంపులు, ఒకసారి చర్చి ఫ్యాను.
కాలిన రాగి వాసన చూసి చెప్పగలను,
నీళ్ళు లేకుండా తిరిగి కాలిందో
ఓల్టేజీ ఎక్కువై కాలిందో.
ఆ జాబితాలో దానికి నంబరు లేదు.
వకుళ పనికి ఉంది, నాలుగంకెలది.
కిడ్నీ వార్డులో రాత్రంతా
ఒంట్లో రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపడం.
ఆమెదీ తిప్పే పనే, ఆ మాటకొస్తే.
అక్కడ మీకు చుట్టాలున్నారా అని ఇంకో గడి.
చుట్లు తప్ప నాకేం తెలుసు.

తర్వాత ఇంటిపేరు.
మావాళ్ళు నాలుగు తరాల కిందట నెల్లూరు దాటి వచ్చారు.
ఈ ఊళ్ళో ఇంటిపేరు బీరువాలో దాచి
ఇనీషియలు తొడుక్కుని తిరిగాం.
పెళ్ళికో కర్మకో పంతులు అడిగితే తీసేవాళ్ళం.
పాస్‌పోర్టులో గడి ఖాళీగా ఉండకూడదని
ఆమెకి వాళ్ళ నాన్న మునిరత్నం,
నాకు మా నాన్న చెంగల్రాయుడు
ఇంటిపేర్లయి కూర్చున్నారు.
బతికుండగా ఒకరి మొహం ఒకరు చూడని ముసలాళ్ళు
ఇప్పుడు మేం మొగుడూపెళ్ళాలం కామని సాక్ష్యం చెబుతున్నారు.

అందుకని ఆధారం కావాలి.
ఆధార్ కాదు, అది ఎప్పుడో ఇచ్చాం.
ఆధారపడ్డవాడికి మళ్ళీ ఒక ఆధారం.
సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి, ఫొటో ఒక్కటే,
అందులో నేను కళ్ళు మూసుకున్నాను.
"వాట్సాప్ మాటలుంటే ప్రింటు తీయించండి" అంది జెన్సిత.
తీయించాను. ఆరేళ్ళవి.

గ్యాసు వచ్చిందా.
వచ్చింది.
తాళం పాలాయన దగ్గర.
సరే.
చారు వేడి చెయ్యి, లేకపోతే పాడైపోతుంది.
సరే.
ఇక్కడ కరెంటు లేదు.
ఇక్కడ ఉంది.

ఆమెది రాత్రి డ్యూటీ, నాది పగటి కొట్టు.
డెబ్బై మూడు పేజీల్లో ఒక్క ప్రేమ మాటా లేదు.
జిరాక్సు కుర్రాడు లెక్కపెట్టి
"నూట నలభై ఆరు, అన్నా" అన్నాడు.

ఆమె ఇంగ్లీషు పరీక్షకి నేనే రోగిని.
థామ్సన్ అనే ముసలాయన్నై, లుంగీతో కుర్చీలో కూర్చుని
నాకొచ్చిన నాలుగు ముక్కల్లో కడుపునొప్పి అన్నాను.
మణికట్టు పట్టుకుని
ఎప్పట్నించీ అని అడిగింది.
జవాబు పుస్తకంలో ఉంది. నేను మరిచిపోయాను.
చెయ్యి మాత్రం కాసేపు అలాగే ఉంచింది.

మొన్న రూలు మారింది.
జీతం మెట్టు ఇంకో జానెడు పైకి జరిపారు.
పద్నాలుగో తేదీ లోపలైతే పాత లెక్క.
దాటితే ఆమె వెళ్ళొచ్చు,
నేను వెళ్ళకూడదు.
క్షయ లేదన్న కాగితం పదమూడున వస్తుందట.
ఎక్స్‌రే తీసినామె "ఊపిరి బిగబట్టండి" అంది,
వదలమని చెప్పడం మరిచిపోయింది.

ఈ పొద్దున డ్యూటీ నించి వచ్చి
చెప్పులైనా విప్పకుండా మంచం మీద వాలి
"వెళ్తే ఇద్దరం," అంది వకుళ, "లేకపోతే"
అని నిద్రపోయింది.
మిగతా మాట పెదాల దగ్గర ఆగిపోయింది.
చెప్పులు నేనే విప్పాను. లేపలేదు.

కొట్లో పాడి నుంచి వచ్చిన గ్రైండరు మోటారు.
కాయిలుకి నూట పది చుట్లు.
అరవై ఏడు దాకా బాగానే వచ్చాను.
లేకపోతే, అనుకున్నాను.
లెక్క పోయింది.
తీగంతా విప్పి, వేళ్ళతో సాపు చేసి
మళ్ళీ ఒకటి.