పట్టుండేది ఇయ్యి

ఏడు రోడ్ల తావ ఖలందర్ అంగడి.
అద్దాల పెట్టె మీద నాలుగు రకాలు పరిచి
"ఏది కావల్లప్పా?" అనె.
పట్టుండేది ఇయ్యి అంటి.

మొదటిది రబ్బరు గుంట.
రొంత తడిపి అద్దానికి ఒత్తితే
జలగ మాదిరి కరుచుకుంటుందంట.
దీని సంగతి నాకు చెప్తావా?
పోయినేడు ఇట్లాంటిదే కొంటి.
మార్చి దాకా బాగనే ఉండె.
ఎండ వచ్చి అద్దం మీద కూచున్న పొద్దు
పెండ్లిలో అలిగిన బావమరిది మాదిరి
ఎవరికీ చెప్పకుండా లేసి పాయ.

రెండోది అయస్కాంతం.
ఫోను వీపుకు రేకుబిళ్ళ అంటించల్ల.
టక్కుమని పట్టుకుంటుంది, చూసేకి సోకు.
పట్టుకునేటప్పుడు అంత చప్పుడు చేసేది
వదిలేటప్పుడు గమ్మున వదుల్తుంది.
గుంత వచ్చినప్పుడు చూడల్ల దాని స్నేహం.

మూడోది ఏసీ రెక్కలకు తగిలించే క్లిప్పు.
నా బండికి ఏసీ ఉండాది.
ఐదు రెక్కల్లో మూడు విరిగినాయి,
మిగిలిన రెండింటికి వాటి బరువే జాస్తి.

ఖలందర్ నవ్వె.
"ఫోను నిలబెట్టేదానికి ఇంత పంచాయితీనా సామీ?"

వానికి చెప్పలా నేను.
రాయచోటి నుంచి వస్తాండా ఆ పొద్దు.
వెనక సీట్లో, కడుపు కుట్లు విప్పించుకునేకి పోయే ముసలాయన,
పక్కన కోడలు, ఆమె ఒళ్ళో
అప్పుడే కొన్న పాలకోవా పొట్లం.
గువ్వలచెరువు దాటి ఘాట్ దిగుతాంటే
రబ్బరు గుంట ఊడె.
ఫోను నా కాళ్ళ సందున పడి
బ్రేకు కిందికి జారి
ఆడ్నుంచే చెప్తాంది
"రెండు వందల మీటర్లలో ఎడమవైపు తిరగండి."

వంగితి.
ఎంత సేపు?
ముసలాయన ఒక్క దగ్గు దగ్గేంత సేపు.
తల ఎత్తితే రోడ్డంతా మేకలు.

తొక్కితే బ్రేకు సగానే నిలిచె,
కింద ఫోను కరకరమనె.
ఇంగా తొక్కితి. అద్దం పగిలేదాకా తొక్కితి.
జానెడు దూరంలో నిలిచె బండి.
ఒక మేకపిల్ల వచ్చి బంపరును నాకి
మేత కాదని తెలుసుకొని పాయ.
ఓబులేసంట, మేకలాయన పేరు.
తిట్టలా. కట్టె భుజాన పెట్టుకొని
అద్దం లోపలికి తొంగి చూసి అడిగె:
"దావ ముందర ఉంటే
కింద యాడ ఎతుకుతాండావప్పా?"

కోడలు ఏమీ మాట్లాడలా.
పొట్లం విప్పి ఇంత కోవా నా చేతిలో పెట్టె.
దాని తీపి గుర్తు లేదు.
స్టీరింగుకు అంటిన నెయ్యి
మూడు దినాలు పోలా.

"ఇంగొకటి ఉండాది గానీ" అని
ఖలందర్ కింది అరలో నుంచి తీసె నాలుగోది.
ఇనుప మెడ, నాలుగు గోళ్ళు, వెనక ఒక మర.
"ట్రాక్టరోళ్ళకు తెప్పిస్తి. మొగం బాలేదని ఎవరూ కొనరు."
పగిలిన ఫోను దాంట్లో పెట్టి
మర బిగించి, తలకిందులు చేసి
చింతకొమ్మ దులిపినట్ల దులిపితి.
పడలా.
నువ్వు గూడా ఒక దెబ్బ కొట్టు అంటి.
కొట్టె. పడలా.
నాలుగు వందల ఎనభై అనె.
నాలుగు వందల ముప్పైకి దిగె.

బిగించేటప్పుడు మళ్ళీ కొట్లాట:
"కండ్ల ముందర పెట్టుకో, బాగా అగుపడుతుంది."
వద్దు. అద్దం రోడ్డుది.
ఫోనుకు మూలన ఇంత చోటు చాలు,
స్టీరింగు పక్కన, కింద.

ఈ దావ తెలీక కాదు,
పదకొండేండ్లుగా తిరుగుతాండా.
బాడుగలు దాంట్లోనే వస్తాయి,
ఏ సందులో ఏ రోగి ఎదురు చూస్తాండాడో
దానికే తెలుసు.

నిన్న అదే మలుపు.
"ఎడమవైపు తిరగండి" అనె, కదలకుండా.
తెలుసులే అంటి.
మేకలు లేవు గానీ
తాజా పెంటికలు ఉండె రోడ్డు పొడుగునా.
రెండో గేరు వేసి
హారను కొట్టకుండా మెల్లగా పోతి.