ఎర్ర పీలిక

కొత్తవాడల మా గల్లీకి
పొద్దున ఆరున్నరకు చెత్త ఆటో వస్తది.
పాట ముందొస్తది, ఎనుక కొంరక్క.

అన్నీ ఒక్క కవర్ల కుక్కి
ముడేసి ఇచ్చేటోణ్ణి నేను.
పగిలిన చాయ్ గ్లాసు, పాసిపోయిన మెతుకులు,
మాత్రల అట్టలు, ఉల్లిపొట్టు.
చేతిల నుంచి పోయిందంటే
ఇగ నాది కాదనుకున్న.

ఓ సోమవారం
కొంరక్క బొటనవేలికి కట్టు.
ఏమైందంటే
"ఏం లేదు సార్, మీ గ్లాసే" అన్నది
టైమెంతైందో చెప్పినట్టు.

ఆ దినం చాయ్ గొంతు దిగలే.

ఇప్పుడు మా వంటింట్ల రెండు బకెట్లు.
పొట్టూ మెతుకులూ పగుళ్ల కుండలకు పోతయి,
అండ్ల నిరుడు ఎవ్వలు పెట్టని టమాట మొలిచింది.
ఆదివారం మటన్‌కు స్టీలు గిన్నె పట్కపోతే
యాకూబ్ నవ్విండు;
ఇప్పుడు గిన్నె తూకం ఆయనకే నోటికొచ్చు.
ఫిల్టర్ వదిలిన నీళ్లతోని వాకిలి తడుపుత.
మర్చిపోయిన రోజు బకెట్ పొర్లి
అనసూర్య నోరు కూడ పొర్లుతది.

గాజుపెంకులు పేపర్ల చుట్టి
పైన పెద్దగ రాసిన:
గాజు, జాగ్రత్త.
అనసూర్య చూసి
"కొంరక్కకు అచ్చరాలొస్తయా?" అన్నది.
పాత చీరల నుంచి ఎర్ర పీలిక చింపి
గట్టిగ ముడేసింది.

మొన్న పొద్దున గేటు తీస్తే
గొళ్లానికి ఆ పీలిక,
ఉతికి, ఆరేసి.
ఆటో మూల మలుగుతుంటే
కొంరక్క ఎనుకకు చూడకుంటనే అరిచింది:
"మల్ల పన్కొస్తది గద సార్!"