పచ్చ

మా నేల నానిన రొట్టె.
కాలవకీ కాలవకీ నడుమ ఓ సన్నటి నల్లటి పట్టీ.
మడమ నొక్కితే నీరూరుతుంది.
ఏటా గోరంత కుంగుతుంది బోస్కోప్,
ఏటా కాలవ పూడిక తీసి
మళ్ళీ దాని నెత్తినే పోస్తాం.

ఆ పట్టీ మీదే మా తాత క్రైన్‌కి
ఒక మార్చి నెల పొద్దున
మూడువందల సైప్రస్ మొక్కల ఆకుపచ్చ వరసలో
వేలెడంత రెమ్మ ఒకటి
పసుప్పచ్చగా కనిపించింది.
తెగులనుకుని కత్తి తీశాడట.
తీసి, ఎందుకో,
మళ్ళీ మడిచి జేబులో వేసుకున్నాడట.

ఆ 'ఎందుకో' పెట్టిన కూడే ఇప్పటికీ తింటున్నాం.

అంటు కట్టాం. అంటుకి అంటు.
లారీలకెక్కించాం.
కొనేవాళ్ళకి చెప్పే మాటలు నిద్రలో లేపినా చెబుతాను:
ఎండలో పెట్టండి, నీడైతే వన్నె తగ్గుతుంది.
చలికాలం తూర్పుగాలి తగలనీకండి, చివళ్ళు మాడతాయి.
ముదురు కొమ్మ నరకొద్దు, అక్కడ మళ్ళీ చిగురు రాదు.
లోపలెక్కడైనా ఆకుపచ్చ రెమ్మ లేస్తే
మొదట్లోనే తీసేయండి.
దానికి ఆకలెక్కువ, చెట్టంతా మింగేస్తుంది.

చెప్పనిది ఒకటుంది.
ఆకుకి అన్నం వండే పచ్చ కరువైతే
అడుగున మిగిలేదే ఈ మెరుపు.

ఫెన్నా పుట్టిన మూడో రోజు
రొట్టెబిస్కట్ల మీద గులాబీ రంగు సోంపు చల్లి
ఇరుగుపొరుగుకి పంచుతున్నాను.
ఇంటికొచ్చే బాలింత నర్సు కొర్రీ
పిల్ల ముక్కు మీద వేలితో నొక్కి, తీసింది.
వేలు తీసిన చోట
మా తోట రంగు.

మార్లిస్ నా వంక చూసింది.
ముప్పై ఏళ్ళు ఆ రంగుకి వెల కట్టినవాణ్ణి,
పడవలోంచే రెండు పసుపుల తేడా పట్టేవాణ్ణి,
సోంపు డబ్బా మూత ఎటు తిప్పాలో తెలియక నిలబడ్డాను.

గౌడా ఆసుపత్రిలో, నీలం దీపం కింద,
కళ్ళకి గంతలతో రెండు రాత్రులు.
గాజుపెట్టె పక్కన కూచుని అదే లెక్క
మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను:
వెలుతురు పడితే నా మొక్కకి పచ్చ ఎక్కుతుంది,
వెలుతురు పడితే నా పిల్లకి పచ్చ దిగాలి.
ఎవరు చెప్పి పంపుతారు దానికి
ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తియ్యాలో.
దారి తప్పితే?

మూడో పొద్దున మడమ గుచ్చారు. కాగితం వచ్చింది.
"దిగింది" అంది డాక్టరు, పెన్ను మూత పెడుతూ.
దూదికంటిన ఆ చుక్క
అంత ఎరుపు మా తోటలో లేదు.

పిల్లకిప్పుడు ఏడేళ్ళు.
పోయిన నెల కత్తెర పట్టుకుని నా వెనకే తిరిగింది.
గుమ్మం పక్క ముసలి చెట్టు, తాత చేతిది,
దాని నడుంలోంచి ఆకుపచ్చ రెమ్మ ఒకటి
నిటారుగా, నిక్షేపంగా.

"ఇది బాగానే ఉందిగా నాన్నా, దీన్నెందుకు?"
"ఇది పెరిగితే మిగతాది పోతుంది."
"మిగతాదానికి ఒంట్లో బాలేదా?"

కత్తెర కాసేపు తెరిచే పట్టుకున్నాను.
కోశాను చివరికి. అలవాటు.

కోసింది తను తీసుకుంది.
పెరుగు డబ్బాలో ఇసక పోసి, గుచ్చి,
వంటింటి కిటికీలో పెట్టి
మా షెడ్డులోంచి తెచ్చిన పసుపు చీటీ మీద రాసింది:
పేరు, ఇంకా పెట్టలేదు. ధర, అమ్మం.

రోజుకి రెండుసార్లు పీకి చూస్తుంది, వేరొచ్చిందా అని.
అలా కదిపితే ఎప్పటికీ రాదని కోప్పడ్డాను.
మానేసింది పాపం.

రాత్రి ఇల్లంతా పడుకున్నాక
దీపం వెయ్యకుండా
నేను పీకి చూస్తున్నాను.