ఇది మీరేనా?

రాత్రి రెండున్నర. పెదజాలరిపేటలో కరెంటు లేదు.
తుఫాను వెళ్లిపోయిందన్నారు గానీ
రేకుల మీద గాలి ఇంకా దరువేస్తూనే ఉంది.
ఫోన్లో పదకొండు శాతం.
టింగుమంది:
"కొత్త చోటు నుంచి మీ గేమ్ ఖాతా తెరిచారు.
పారాదీప్. ఇది మీరేనా?"

పారాదీప్‌లో నాకెవరున్నారు?
అరవై ఒకటో లెవెల్. రెండేళ్ల కష్టం.
"కాదు" మీదికి బొటనవేలు వెళ్లిపోయింది కూడా.

ఆగింది.
ఆ పాస్‌వర్డు మా బోటు నంబరు,
దాని వెనకాల అమ్మని మేం ఏడిపించే పేరు.
తెలిసినోళ్లం ఇద్దరమే:
నేనూ,
ఆరు రోజుల కిందట హార్బర్లో ఐసు ఎక్కించుకుని
ఇంకా తిరిగి రాని ఎల్లాజీ అన్నా.

ఫోను నీళ్లలో పోయుంటుంది.
ఒక్క నంబరూ నోటికి రాదు వాడికి, వదినదైనా సరే.
ఇదొక్కటే వచ్చు.

"అవును, నేనే" అని నొక్కాను.
కాసేపటికి ఖాతాలో లెక్క మారింది.
ఆడింది నాలుగు నిమిషాలు. చచ్చింది మూడుసార్లు.
వాడే.
అంత చెత్తగా ఈ భూమ్మీద ఇంకెవడూ ఆడడు.

చీకట్లో వదిన తలుపు బాదుతున్నాను.
ఏటిరా, ఏటయిందిరా అంటోంది లోపల్నించి,
గొళ్లెం దొరక్క.

పాస్‌వర్డు మార్చాలి.
వాడొచ్చాక.