డబ్బా నిండేలోపు

మర్రిగూడ దాటినంక నాంపల్లి తొవ్వల
నీళ్ల ప్లాంటు కిటికీ ఎనుక కూసుంట నేను.
ఇరవై లీటర్ల డబ్బా, అయిదు రూపాయలు.
డబ్బా నిండేలోపు రెండు పేజీలు,
కరెంటు పోతే ఒక అధ్యాయం.

గట్ల చదివిన ఇప్పటికి పదకొండు లోకాంతాలు.
దేవరకొండ గ్రంథాలయం నుంచి మొయిజుద్దీన్ సారు
బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతడు,
లోపల చీటీ పెట్టి:
"ఇండ్ల అందరు పోతరు బిడ్డా, పైలం."

నా మాట చెప్పాల్నంటే
రాసేటోళ్లకు తొందర ఎక్కువ.
పొద్దుగాల సైరన్ మోగుతది,
మాపటికల్లా పట్నం బూడిద.
మా దగ్గర ఏ సైరనూ మోగలే.
బోరు పడ్డనాడు కొబ్బరికాయ కొట్టిండ్రు.
నీళ్లు తియ్యగున్నయని
మా చిన్నాయన మొదటి చెంబు తాగి
మూతి తుడుసుకున్నడు.
ఆయన మెడ తిరగకుండ అయ్యేటందుకు
పంతొమ్మిదేండ్లు పట్టింది.
పంతొమ్మిదేండ్లు, రోజుకిన్ని చెంబులు.
ఉన్నదున్నట్టు రాస్తే
చదివేటోళ్లు విసుగొచ్చి మూసేస్తరేమో.
నేనైతే మూయను.

ఇంకోటి.
అన్నిట్ల హీరో ఉరుకుతడు.
గోడలు దుంకుతడు, వంతెన కూలేలోపు అవతలుంటడు.
మోకాళ్లు వంగనోళ్లు ఎటువోయిండ్రు?
మొదటి అధ్యాయంలనే రాలిపోయిండ్రా,
రాసేటాయనకు యాదికే రాలేదా?
నేనొక పుస్తకం కోసం చూస్తున్న.
అందుల ఆఖరుకు మిగిలేది
గోడ పట్టుకొని మెల్లగ పోయేటామె.
ఆమెను ఎవరూ తరమరు,
తరిమేంత పనుందని అనుకోరు.

అప్పుల సంగతి అసలే రాయరు.
లోకం మునిగినంక
కుదువ పెట్టిన పుస్తెలతాడు రసీదు ఏమైతది?
మంగళవారం సంఘం కిస్తీ ఎవరు వసూలు చేస్తరు?
మా మణెమ్మనైతే నేనెరుగుదు.
ఆకాశం ఊడిపడ్డా
రిజిస్టరు చంకల పెట్టుకొని
ఆ దుమ్ములకెళ్లే వస్తది.

సర్కారు అందరినీ కావలిగాసే కతలు రెండు చదివిన.
గోడగోడకు కన్ను, మంచం కింద చెవి.
వాళ్ల బాధంతా, సర్కారుకు తామెరుకని.
మా అవ్వ బాధ ఎదురు.
రేషన్ మిషన్ మీద నాలుగుసార్లు బొటనవేలు ఒత్తినా
ఈమె ఎవరో తెల్వదంటది అది.
నాట్లల్ల, కలుపులల్ల అరిగిన వేలు.
ఆమెను గుర్తువట్టే కన్ను ఒక్కటుంటే
నేనే పోయి దండం పెడ్త.

మెచ్చినవి లేవని కాదు.
ఒకదాంట్ల ముసలాయన అగ్గిపుల్లలు లెక్కవెడతడు.
ముప్పై నాలుగు.
పడుకునే ముందు మళ్ల లెక్కవెడతడు.
ముప్పై మూడు.
ఆ ఒక్కటి యాడవోయిందో ఎక్కడా చెప్పరు.
అక్కడ నేను తలకాయ లేపలే,
డబ్బా నిండి పొర్లి గడప దాటింది,
పెద్దులు మామ తిట్టిన తిట్లు మూడు బజార్లు విన్నయి.

ఆఖరి పేజీలే నాకు నచ్చవు.
అంత బూడిదైనంక
యాడ్నో ఒక మొలక లేస్తది,
ఒక పోరడు దాన్ని చూసి నవ్వుతడు.
మొలక లేవొద్దని నేనంటలేను.
దానికి ఏ నీళ్లు పోసిండ్రో రాయాలె గద.
మాకు నల్లా వచ్చి ఏండ్లయితుంది,
మా అవ్వ ఇప్పటికీ
ముందుగాల వాసన చూసి, దోసిట్ల పట్టి,
ఎండకు ఎత్తి చూస్తది.

పుస్తకాల మీద గీయొద్దంటడు సారు.
అయినా ఒకసారి పెన్సిల్‌తోని
మొలక పక్కన సన్నగ రాసిన:
"ఏ నీళ్లు?"
ఎండకాలం పోయినంక
అదే పుస్తకం తిరిగి నా చేతికొచ్చింది.
నా రాత కింద ఇంకెవరిదో దస్తూరి,
నీలం సిరా, అక్షరాలు కొంచెం వణికినయి:
"మీదే ఊరు?"

జవాబు ఇంకా రాయలే.
బయట పదిహేడు డబ్బాలు లైన్ల ఉన్నయి.
పెన్సిల్ చెవి మీదనే ఉంది.