గండి లోతు

మంగళవారం. లాలాపేటలో నా షట్టరు సగమే ఎత్తి ఉంది.
ఆ సగంలోంచి ముందు చెప్పులొచ్చాయి,
తర్వాత వంగి జమలమ్మ వచ్చింది.
కొంగు ముడిలో కత్తి.
మా గురవయ్య కత్తి.
కొమ్ము పిడి, రెండు ఇత్తడి మేకులు,
ఒకటి ఊడితే ఆ చోట ఆయనే బిగించిన రాగి తీగ.

"కుట్లు విప్పుతుంటే ప్యాంటు జిప్పు తగిలింది" అంది
దొంగతనం ఒప్పుకున్నట్టు.
మొగుడి కత్తితో ఆరేళ్లుగా కుట్లు విప్పుతోందని
నాకు అప్పుడే తెలిసింది.

ట్యూబ్‌లైటు కింద తిప్పి చూశా.
వాదర నడిమికి కాస్త ఇవతల, ఆవగింజ పట్టేంత.
గోటి మీద లాగితే అక్కడ ఆగింది,
మాట మధ్యలో నత్తిలా.

"పూడుద్దా?" అంది.

కాలవ గట్టుకి గండి పడితే పూడుస్తారు.
తాటి మొద్దులు, ఇసక బస్తాలు, రాత్రంతా పెట్రోమాక్సు లైట్లు,
కొమ్మమూరు కాలవ మీద చిన్నప్పుడు చూశా.
ఉక్కుకి ఆ వీల్లేదు.
తెచ్చి పోయడానికి మట్టి లేదు.
గట్టు మొత్తాన్నీ గండి లోతుకి దించాలి,
ఈ కొస నుంచి ఆ కొసదాకా.
దెబ్బ తగలని చోటు కూడా అరగాలి.

ఇదంతా ఆమెకి చెప్పలేదు.
"సాయంత్రం రా" అన్నా.

రాళ్లు అటక మీదున్నాయి.
సగం బ్లేళ్లొచ్చాక, గోడకి ఎర్ర రిబ్బను బొమ్మ అంటించాక
వాటిని తడిపినవాడు లేడు.
గరుకు రాయిని బక్కెట్లో పడేస్తే
చాలాసేపు బుడగలు వదిలింది.

వెన్నూ వాదరా రెండూ ఆనాలి.
వెన్ను ఎత్తావా, అది కత్తి కాదు కొడవలవుద్ది.
గురవయ్య మాట ఇది, నెత్తిన మొట్టికాయతో కలిపి.
పదమూడేళ్ల నాకు ఆయన కత్తి ఇవ్వలేదు;
మూణ్ణెల్లపాటు తాటిమట్ట ముక్కిచ్చి
రాయి మీద తోయించాడు.

తోయి. వెన్ను మీద తిప్పు. లాగు.
నీళ్లు చల్లు.
నల్లటి మడ్డి తేలుతుంది. అది రాయి కాదు, కత్తే.
వందకోసారి తుడిచి చూస్తా.
ఆవగింజ.
ఇంకా ఆవగింజే.
నాలుగొందలు దాటాక గసగింజ.

మిర్చి లారీ పోయింది.
కత్తి రాయి మీంచి తీసి, పక్కకి తిరిగి తుమ్మా.
అదీ ఆయన నేర్పిందే.

నాలుగింటికి రాయి చప్పుడు మారింది.
గరగర పోయి,
పక్కింట్లో ఎవరో పట్టుచీర మడతపెడుతున్నట్టు.
చూశా. గండి లేదు.
కత్తి నూలుపోగంత సన్నబడింది.
ఆ పోగంతా బక్కెట్లో, నల్లగా.
కాసేపు చూస్తూ కూచుని
పారబోశా.

తర్వాత సన్నరాయి. తర్వాత తోలుపట్టె,
ఈసారి వెన్ను ముందు, వాదర వెనక.
ముంజేతి వెంట్రుక
తాకీ తాకకుండానే ఎగిరింది.
అద్దంలో నా చెంప ఒకసారి కత్తి వైపు చూసింది.
వద్దనుకున్నా.

జమలమ్మ సంచిలోంచి జాకెట్టు తీసి
కుట్టు మీద ఆనించింది.
దారం తెగింది. గుడ్డ కూడా తెగింది.
తెగిన గుడ్డని వెలుగులో పట్టుకుని చూసి నవ్వింది.
ఈ ఆరేళ్లలో ఆమె నవ్వడం నేను చూళ్లేదు.
"ఇంత పదును మొహాలకయ్యా, నాకెందుకు?
కాస్త చంపివ్వు."

నలభై రూపాయలు కుర్చీ చేతి మీద పెట్టింది.

రాయి ఇంకా తడిగానే ఉంది.
వాదర ఆనించి
వెన్ను ఎత్తా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.
ఒక్క లాగు ఇటు. ఒక్క లాగు అటు.

మొట్టికాయ కోసం తల వంచి ఆగా.
పడలేదు.