రెండంగుళాలు

బండి మీద ఇల్లు కడతానని మా ఆయన అన్నరోజు
నేను ఎవరి నిక్కరుకో జిప్పు మారుస్తున్నాను.
"ఇంత పొడుగు జిప్పు దొరుకుతాదేటే?" అని
రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు.
నవ్వాను. తర్వాత టేపు తీశాను.

ఇరవయ్యొక్క ఏళ్ళు ఐసు మోశాడు సన్యాసిరావు
ఫిషింగ్ హార్బరుకి, తెల్లారి మూడింటికి,
రోడ్డంతా నీళ్ళు కార్చుకుంటూ.
వరస వచ్చేదాకా కేబిన్‌లోనే కునుకు.
స్టీరింగు కింద మడిచిన మోకాళ్ళు
ఇంటికొచ్చి మంచమెక్కినా మడిచే ఉండేవి.
సొంత బండిలో ఒక్క రాత్రి కాళ్ళు చాపుకోవాలట.
ఎక్కడ అన్నది ఇంకా అనుకోలేదు.

తొట్టి అడుగు ఉప్పుకి జల్లెడైపోయింది.
ఆటోనగర్‌లో ఎర్నిబాబు దాన్ని కోసేసి, కొత్త రేకు అతికి,
చుట్టూ చట్రం నిలబెట్టాడు.
కప్పు లేవడానికి నాలుగు గ్యాసు కడ్డీలు:
రెండు ఒక కారు డిక్కీవి, రెండు ఇంకో కారువి.
అందుకే మొదటిసారి కొక్కెం తీస్తే
ఒకపక్క లేచింది, ఒకపక్క ఆలోచించింది,
చప్పుడుకి ఒంటిచెవి రిక్కించిన కుక్కలా.
"అలవాటైపోద్దిలే" అన్నాడు ఎర్నిబాబు,
కప్పుకో మాకో చెప్పకుండా.

గోడల్లో థర్మాకోలు కొన్నది కాదు.
చేపల పెట్టెలు విరిచి, కడిగి, ఎండేసి,
మళ్ళీ కడిగి కూర్చాం.
అయినా మిట్టమధ్యాహ్నం
గోడలోంచి వంజరం పలకరిస్తుంది.

గుడ్డపని నాది.
పూర్ణా మార్కెట్లో ఖాకీ కాన్వాసు పద్నాలుగు మీటర్లు,
దోమల జాలి, చుట్టలోంచి కోయించిన జిప్పు.
చంక దగ్గర జాకెట్టుకెంత వదులుంచాలో తెలుసు నాకు.
కప్పుతో లేచి బిగుసుకుని,
దిగినప్పుడు మడతలై లోపలికే పోవాల్సిన గోడకి
ఎంత వదులు?
గొడుగు విప్పాను, మూశాను, విప్పాను.
చివరికి దాని కుట్లే ఊడదీసి చూశాను.
పద్దెనిమిదో నంబరు సూదులు పదకొండు విరిగాయి.
ఒక ముక్క మూలమడతలో ఎక్కడో ఉండిపోయింది.
వెతికి వెతికి వదిలేశాను.

ఆయన అన్నీ కొలిచాడు,
మా కంచరపాలెం వాటాల గేటు మీదున్న
సిమెంటు కమాను తప్ప.
రెండంగుళాలు.

టైర్లలో గాలి తీస్తే ఒకటి తగ్గింది.
కప్పు అంచు కోసేద్దాం అన్నాడు ఎర్నిబాబు.
నేను మాట్లాడలేదు, కత్తెర మాత్రం కింద పెట్టలేదు.

ఎదురు వాటా పైడమ్మత్త చేట పక్కన పెట్టి,
కుచ్చిళ్ళు దోపుకుని తొట్టిలోకెక్కింది.
"బరువెడితే దిగదేటి?"
వెనకే ఆవిడ ఇద్దరు కోడళ్ళు,
డ్యూటీకి పోతున్న గవరయ్య, క్యారేజీతో సహా,
ట్యూషన్ వదిలిన పిల్లలు, ఎంతమందో లెక్కలేదు,
తలలు వంచుకుని, ఒకరి ఒళ్ళో ఒకరు.
పై కమాను కింద దూరడానికి
కింది కమాన్లు మూలుగుతూ కుంగాయి.
వేలెడు సందులోంచి
బండి బయటికి జారింది.

రోడ్డు మీద దిగుతూ ఎవరో అడిగారు,
మరి లోపలికెలా తెస్తావని.
"కేకెయ్, మళ్ళీ ఎక్కుతాం" అంది పైడమ్మత్త,
చేటలో బియ్యం చూసుకుంటూ.

బంకులో గాలి కొట్టించి, చీకటి పడ్డాక
మంగమారిపేట దాటి ఆపాం.
కప్పు లేచింది, తన వంకరలో తాను.
సముద్రం మీంచి గాలి కాన్వాసుని నొక్కి వదిలి,
నొక్కి వదిలి, నా కుట్లన్నీ తడిమి చూసింది.
ఆయన వెల్లకిలా పడుకుని కాళ్ళు చాచాడు.
మడమలు తలుపుకి తగిలాయి.
మంచం కొలత కూడా
మోకాళ్ళు ముడిచే తీసుకున్నట్టున్నాడు.

ఎవరం నవ్వలేదు కాసేపు.
తర్వాత నవ్వుకి బండి ఊగింది.

తలుపు తెరిచి పాదాలు బయటికి పెట్టుకుని
నిద్రపోయాడు.
అర్ధరాత్రి వాన.
మూలమడతలో, ఆ సూదిముక్క ఉన్నచోట కాబోలు,
చుక్క దిగుతోంది. స్టీలుగ్లాసు పెట్టాను.
రేపు కొవ్వొత్తి మైనం రుద్దాలి.
గుమ్మం అవతల బొటనవేళ్ళు రెండూ తడుస్తున్నాయి.
లేపుదామనుకున్నాను.
అవి ముడుచుకోలేదు.